వంటింట్లో వినపడిన సభ్యుడు

ఐవర్ ప్రోసర్ లండన్ పార్లమెంటులో మొదటిసారి లేచి మాట్లాడిన రోజున ఆయన గొంతు సభలో ఎవరికీ వినపడలేదు; నూట ఎనభై మైళ్ళ అవతల వేల్స్‌లో, కుమ్ హెలిగ్ అనే లోయలో, ఆయన ఇంటి వంటగదిలోని నీలం జగ్గులోంచి వినపడింది.

ఆ సమయానికి ఆయన భార్య నెస్టా రొట్టెకు పిండి పిసుకుతోంది. జగ్గులో సగానికి పాలున్నాయి. అందుచేత "అధ్యక్షా" అన్న మొదటి మాట కాస్త చిక్కగా, బుడగలతో వచ్చింది. నెస్టా పిండిలోంచి చేతులు తీయకుండానే "ఏం కావాలి?" అంది. పదిహేడేళ్ళ కాపురంలో వెనకనుంచి ఆయన అలికిడి వినపడితే ఆమె అలాగే అనేది. జగ్గు ఆమెకు జవాబు చెప్పలేదు. బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన గని కార్మికుల పింఛన్ల గురించి పదకొండు నిమిషాలు మాట్లాడి, "ఇంతటితో ముగిస్తున్నాను" అని ఆగిపోయింది. నెస్టా చేతులు కడుక్కుంది. పాలను వేరే గిన్నెలోకి వంచి జగ్గు అడుగు చూసింది. పగులు లేదు. పాలు విరగలేదు. అయినా వాటిని టీలోకి వాడబుద్ధి కాక పిల్లికి పోసింది. పిల్లి తాగింది. ఆ విషయం అంతటితో తేలిపోయింది.

ఐవర్ ఎంపీ కావాలని ఎవరూ కలగనలేదు, ఆయన అసలే కలగనలేదు. ఆ లోయలో ఇంటిపేర్లు ఏడో ఎనిమిదో ఉంటాయి, మనుషులేమో నాలుగు వేలు. అందుకని ఎవరి పనిని బట్టి వాళ్ళని పిలుచుకుంటారు. పాలు పోసే జోన్స్ పాల జోన్స్, తపాలా ఆఫీసు నడిపే గ్వెన్ పోస్టు గ్వెన్, రైల్వే సిగ్నల్ గదిలో మీటలు లాగే ఐవర్ సిగ్నల్ ఐవర్. ఊళ్ళో రెండు చాపెళ్ళు ఉన్నాయి. ప్రార్థనకు హార్మోనియం ఉండవచ్చా ఉండకూడదా అన్న దగ్గర అరవై ఏళ్ళ కిందట విడిపోయి, వీధికి అటొకటి ఇటొకటి నిలబడ్డాయి. ఒక చాపెల్ నిలబెట్టిన మనిషికి రెండో చాపెల్ చచ్చినా ఓటు వెయ్యదు. ఐవర్‌కి ఆదివారాలు డ్యూటీ ఉండేది కనక ఆయన ఏ చాపెల్‌కీ వెళ్ళలేదు. పైగా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఎవరితోనూ ఏమీ అనలేదు కాబట్టి ఎవరికీ ఆయన మీద కోపం లేదు. రెండు చాపెళ్ళకూ అభ్యంతరం లేని మనిషి లోయ మొత్తానికి ఆయన ఒక్కడే అని తేలాక పార్టీవాళ్ళు సిగ్నల్ గదికి వెళ్ళి అడిగారు. ఐవర్ కాదనడానికి తగిన మాట వెతుక్కునేలోపు వాళ్ళు చప్పట్లు కొట్టేశారు.

నెస్టా సీటు కోరుకోలేదు. ఆమె కోరుకున్నది బల్లకు అవతలి కుర్చీలో ఐవర్. ఆయన మాట్లాడేవాడని కాదు. ఆమె కాలేజీలో చదువుకున్న మనిషి, వాక్యం అంటే ఇష్టం. ఆయన నోటినుంచి రోజుకు నాలుగైదు మాటలకు మించి వచ్చేవి కావు, అందులో రెండు "చాలు, చాలు". అయినా ఆయన కూర్చుంటే ఆ కుర్చీ నిండుగా ఉండేది. ఎంపీ అయ్యాక ఆ కుర్చీ వారానికి రెండు రోజులకు తగ్గింది. శుక్రవారం సాయంత్రం ఆరుంబావు బండిలో దిగేవాడు, ఆదివారం మధ్యాహ్నం వెళ్ళిపోయేవాడు. ఆమె శుక్రవారం స్టేషన్‌కు వెళ్ళేది. ఇద్దరూ మాట్లాడకుండా ఇంటికి నడిచి వచ్చేవాళ్ళు. వారమంతా ఆమె ఆ నడక కోసం ఎదురుచూసేది.

జగ్గు సంగతి ఆమె సభ కార్యాలయానికి ఉత్తరం రాసి తెలియజేసింది. వారం తిరగకుండా వైల్డింగ్ అనే గుమాస్తా దగ్గర్నుంచి జవాబు వచ్చింది. ఇటువంటి సభ్యులు ప్రస్తుతం పదకొండుమంది ఉన్నారనీ, ఒకాయన గొంతు చేపల మార్కెట్‌లోనూ, ఇంకొకాయనది చర్చి గంటలోనూ వినపడుతోందనీ, లండన్‌కు దూరం పెరిగేకొద్దీ ఇది మామూలేననీ ఆయన మర్యాదగా రాశాడు. సభ పనికి దీనివల్ల ఏ ఆటంకమూ లేదు. ఓటు వేయాలంటే సభ్యులు లేచి ఈ నడవాలోకో ఆ నడవాలోకో నడవాలి, ఐవర్ ప్రోసర్ గారి కాళ్ళు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. ప్రసంగం రికార్డుల్లోకి ఎక్కాలంటే మాత్రం జతపరిచిన నివాసస్థల శ్రవణ పత్రం, 14-బి, నింపి పంపాలి. వినేవారు సభ్యుడి ఇంట్లోనే ఉండి వినాలి. సొంత మాట ఒక్కటి కూడా కలపరాదు.

నెస్టా ఆ షరతులన్నీ రెండుసార్లు చదివి సంతకం చేసింది. అప్పటినుంచి సభ జరిగే రోజుల్లో ఆమె జగ్గులో పాలు పోయలేదు. నాలుగు గంటలకల్లా దాన్ని పొడిగుడ్డతో తుడిచి, బల్లమీద పెట్టి, పెన్నూ కాగితాలూ దగ్గర పెట్టుకుని కూర్చునేది. ఐవర్ చెప్పింది చెప్పినట్టు రాసి, పోస్టు గ్వెన్ చేతికి ఇచ్చేది. అది సాయంత్రం బండిలో లండన్ వెళ్ళి, మూడో రోజున "తపాలా ద్వారా అందిన ప్రసంగం" అన్న మకుటంతో అచ్చయ్యేది. ఓటింగు ఎప్పుడూ ప్రసంగం జరిగిన రోజే అయిపోయేది.

సంగతి లోయంతా తెలిసిపోయింది. కుళాయికి నీళ్ళొచ్చాయా అన్నంత మామూలుగా పాల జోన్స్ కిటికీలోంచి తల పెట్టి అడిగేవాడు.

"ఏం నెస్టా, గొంతొచ్చిందా?"

"ఇంకా లేదు. మంత్రి ఎవరో లాగుతున్నట్టున్నాడు."

"మనవాడి వంతు వచ్చేసరికి నా ఆవులు ఎండిపోతాయి," అంటూ లోపలికి వచ్చి కూర్చునేవాడు. పోస్టు గ్వెన్ అల్లిక పట్టుకుని వచ్చేది. రెండు చాపెళ్ళవాళ్ళూ పొయ్యికి అటూ ఇటూ సర్దుకునేవాళ్ళు. ఐవర్ మాట్లాడితే అందరూ "సరిగ్గా చెప్పాడు, సరిగ్గా చెప్పాడు" అని బల్ల చరిచేవాళ్ళు. ఆ వంటగదిలో ఐవర్ ఎన్నడూ ఏ చర్చలోనూ ఓడిపోలేదు. పింఛన్లు, పాఠశాల పైకప్పు, పాల ధర, అన్నీ ఏకగ్రీవంగా నెగ్గాయి. అంత నెమ్మదస్తుడు ఇంత బాగా మాట్లాడతాడని ఎవరు అనుకున్నారని వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఇంతమంది ముందు ఇన్ని మాటలు చెప్పే మనిషి శుక్రవారం వచ్చి "ఉప్పు సరిపోయింది" అని మాత్రమే ఎందుకు అంటాడో నెస్టాకు అర్థమయ్యేది కాదు.

ఎంపీ అయిన ఆరో ఏట లోయలోని రైలు మార్గాన్ని మూసెయ్యాలని ప్రభుత్వం బిల్లు తెచ్చింది.

పోస్టు గ్వెన్ వార్త పట్టుకొచ్చింది. "గురువారం చర్చ. గురువారమే ఓటింగు," అంది. "మీ ఆయన మాట్లాడింది నువ్వు రాయాలి, అది ఆ బండిలోనే పోవాలి, అది చేరేసరికి ఆ బండి ఉండదు. ఇదెక్కడి న్యాయమే తల్లీ?"

"న్యాయం కాదు గానీ రూలు," అన్నాడు పాల జోన్స్. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే, నాకు వినపడలేదు, రాసి పంపు అన్నాట్ట."

నెస్టా జగ్గు వైపు చూసింది. బండి పోతే ఆరుంబావు పోతుంది. కొండ మీదుగా బస్సు వారానికి రెండే రోజులు, అదీ జంక్షన్‌లో లండన్ బండి వెళ్ళిపోయాక చేరుతుంది. శుక్రవారాలు ఇక ఉండవు. ఆమె మనసులో లెక్క అంతే. పింఛన్లప్పుడు గానీ, పాఠశాల పైకప్పప్పుడు గానీ ఆమెకు రాని ఆలోచన ఒకటి అప్పుడొచ్చింది, అందుకు తర్వాత ఆమె కొంచెం సిగ్గుపడింది కూడా.

"జగ్గే అక్కడికి తీసుకెళ్తే?" అంది.



"అద్గదీ!" అన్నాడు పాల జోన్స్. "ఆరేళ్ళ నుంచీ ఇంతమందిమి ఇక్కడ కూర్చుని బల్లలు అరగ్గొట్టాం గానీ, ఒక్కడికి తట్టిందా?"

గురువారం పొద్దున్న నెస్టా జగ్గును ఐవర్ పాత ఉన్ని మఫ్లర్‌లో చుట్టి, బుట్టలో పెట్టుకుని రైలెక్కింది. లండన్‌లో సందర్శకుల గ్యాలరీ ద్వారం దగ్గర నల్లకోటు కాపలాదారు ఆపాడు.

"బుట్టలో ఏముందమ్మా?"

"మా ఆయన గొంతు."

"గొంతుకి అభ్యంతరం లేదు," అన్నాడాయన సౌమ్యంగా. "పాత్రకి పర్మిషన్ కావాలి. ద్రవాలేమైనా ఉన్నాయా?"

"ఖాళీది."

"ఖాళీదైతే అలంకార వస్తువు కింద రాస్తాను. ఇక్కడ సంతకం పెట్టండి. ఒళ్ళో పెట్టుకోవాలి, రెయిలింగ్ మీద పెట్టకూడదు. కింద సభ్యులుంటారు."

ఆమె రెండో వరసలో కూర్చుని జగ్గు ఒళ్ళో పెట్టుకుంది. కింద ఆకుపచ్చ తోలు బల్లల మీద కొందరు కునుకు తీస్తున్నారు. ఐవర్ వెనక వరసలో, స్తంభం పక్కన, ఆమె ఇస్త్రీ చేసి పంపిన చొక్కాలో ఉన్నాడు. ఆమె వచ్చినట్టు ఆయనకు తెలియదు. ఐదు గంటలకు అధ్యక్షుడు ఆయన పేరు పిలిచాడు. ఐవర్ లేచి నోరు తెరిచాడు. జగ్గు "అధ్యక్షా" అంది.

సభ మొత్తం తలెత్తి చూసింది. ఐవర్ కూడా చూశాడు. ఆరేళ్ళలో ఆ గదిలో తన గొంతు వినడం ఆయనకు అదే మొదటిసారి. ఆయన చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సోమవారం బండిలో మా లోయ ఆడవాళ్ళు ఆస్పత్రికి వెళ్తారు," అంది జగ్గు. "బుధవారం సంత. గురువారం మామూలుగా ఎవరూ ఉండరు, గార్డు ఒక్కడే పాడుకుంటూ పోతాడు, బాగా పాడతాడు. శుక్రవారం ఆరుంబావుకి నేను దిగుతాను. ప్లాట్‌ఫామ్ మీద ఒకావిడ ఉంటుంది. ఆమె నాతో ఏమీ అనదు, నేను ఆమెతో ఏమీ అనను. ఇద్దరం ఇంటికి నడిచి వెళ్తాం. మంత్రిగారి నివేదిక నూట నలభై పేజీలు నేను పూర్తిగా చదివాను. ఆ నడక ఏ పేజీలో ఉందో వారు చెప్పగలరా?"

ఎవరూ కునుకు తీయడం లేదు. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. నెస్టా జగ్గును రెండు చేతులతో పట్టుకుని ఉంది. లోపలి గొంతుకి జగ్గు గోడ సన్నగా అదురుతోంది, అరచేతుల్లో తెలుస్తోంది.

ఐవర్ కూర్చున్నాక గంట మోగింది. సభ్యులందరూ లేచి నడవాల్లోకి నడిచారు. కళ్ళద్దాలు తుడుచుకున్న పెద్దాయన కూడా నడిచాడు. మూసివేతకు అనుకూలంగా మూడు వందల రెండు, వ్యతిరేకంగా రెండు వందల పద్నాలుగు.

బయట మెట్ల దగ్గర రవాణా మంత్రి స్వయంగా ఆమె దగ్గరికి వచ్చి టోపీ తీశాడు. "మీవారు అద్భుతంగా మాట్లాడారండీ," అన్నాడు. "నిజంగా చెప్తున్నాను, మూసేలోపు ఒక్కసారైనా ఆ బండి ఎక్కాలనిపించింది."

తిరుగు ప్రయాణంలో నెస్టా, ఐవర్ ఎదురెదురుగా కూర్చున్నారు. బండి జంక్షన్ దాటింది.

"బాగా మాట్లాడావు," అంది ఆమె.

"జగ్గు బరువనిపించలేదూ?"

"ఖాళీదే కదా."

ఆ ప్రసంగం రికార్డుల్లోకి ఎక్కలేదు. గ్యాలరీలోంచి వచ్చిన ఏ శబ్దమైనా బయటివారి కేక కిందికి వస్తుందనీ, బయటివారి కేకలు అచ్చువేసే ఆచారం లేదనీ వైల్డింగ్ రాశాడు. ఇంట్లో ఉండి వినలేదు కనక 14-బి పత్రం కూడా చెల్లదు. ఇకమీదట మాట్లాడే పాత్రలను గ్యాలరీలోకి అనుమతించరాదని కమిటీ తీర్మానించింది. వినడం వల్ల కొందరు సభ్యులకు ఇబ్బంది కలిగిందట. వ్యక్తిగతంగా ఆ ప్రసంగం తనకు చాలా నచ్చిందని వైల్డింగ్ కింద చేత్తో ఒక వాక్యం కలిపాడు.

ఆకులు రాలే కాలానికి పట్టాలు పీకేశారు. తపాలాకు ఒక మోటారు వ్యాను వచ్చింది. ఉత్తరాలెక్కేవి గానీ మనుషులు ఎక్కకూడదు. ఐవర్ ఆరు వారాలకోసారి, ఒక్కోసారి సెలవులకు మాత్రమే రాగలిగేవాడు. నెస్టా బల్లమీద ఒక్క కంచమే పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. గొంతు వినడానికి జనం రావడం తగ్గించారు. ఇక ఆయన్ని విని ఏం లాభం అని ఎవరూ అనలేదు, ఎవరికి వాళ్ళు పనుల్లో పడిపోయారు.

నవంబరులో ఒక మంగళవారం, చేపల దిగుమతి మీద చర్చ. నెస్టా ఒక్కతే పెన్ను పట్టుకుని కూర్చుంది. జగ్గు నాలుగూ ఇరవైకి గొంతు సవరించుకుంది.

"నెస్టా," అంది.

ఆమె చేతిలో పెన్ను ఆగింది.

"వీళ్ళకెలాగూ వినపడదు. చేపల గురించి నాకేమీ తెలియదు కూడా. ఇక్కడ వాన. నిన్న నువ్వు పంపిన మేజోళ్ళు వేసుకున్నాను. ఎడమదానికి మడమ దగ్గర నువ్వు వేసిన కుట్టు నడిచేటప్పుడు తగుల్తుంది, బాగుంటుంది. పాతికేళ్ళ కిందట నువ్వు సిగ్నల్ గదికి టీ తెచ్చినప్పుడు, నీ జుట్టుకి మంచు పట్టి ఉంది. అప్పుడు చెప్పాలనుకున్నది ఒకటుంది..."

తొమ్మిది నిమిషాలు మాట్లాడింది. అంతా ఆయన సభలో నిలబడి, జేబులో ఒక చెయ్యి పెట్టుకుని, అధ్యక్షుడి వైపు చూస్తూ చెప్పినదే. నెస్టా ఏమీ రాయలేదు. జగ్గు ఆగాక చాలాసేపు అలాగే కూర్చుంది. కాని 14-బి పత్రం ఆ రోజే పంపాలి. ఆమె కాగితం తీసుకుని, లోయలో సామాను కొట్టులో చేప తాజాగా ఎందుకు దొరకడం లేదో ఆలోచించి, తొమ్మిది నిమిషాలకు సరిపడా ప్రసంగం రాసింది. సొంత మాట ఒక్కటి కూడా కలపరాదన్న షరతు ఆమెకు గుర్తుంది. దాని పక్కన సంతకం ఎప్పటిలాగే గుండ్రంగా పెట్టింది.

చేపల ప్రసంగాన్ని లండన్ పత్రిక ఒకటి మెచ్చుకుంది. ఆ తర్వాత వారానికి రెండుసార్లు ఐవర్ తన మనసులో మాట చెప్పేవాడు, నెస్టా దేశానికి కావలసిన మాట రాసేది. మురుగుకాలవలు, గర్భిణులకు పాలు, కిరోసిన్ పొయ్యిల భద్రత, ఇంట్లో ఉండే మనిషికి తెలిసినవే రాసేది కనక ఆ ప్రసంగాల్లో గాలి మాటలుండేవి కావు. ఐవర్‌కి సూక్ష్మ పరిశీలకుడన్న పేరు వచ్చింది. రెండు కమిటీలకు అధ్యక్షుణ్ణి చేశారు. కమిటీల్లో ఆయన తల ఊపేవాడు. అలా మూడేళ్ళు గడిచాయి. నెస్టా అడగాలనుకున్నవి చాలా ఉండేవి, కాని జగ్గు చెప్పేదే గాని వినేది కాదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఆమెతో అన్ని మాటలు మాట్లాడలేదు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. సభ రద్దయింది. జగ్గు మూగపోయింది. ఆరు వారాలు ఉండడానికి ఐవర్ బస్సులో ఇంటికి వచ్చాడు.

నెస్టా ఆయనకు ఇష్టమైన మాంసం పులుసు వండింది. కొత్త చీటీ గుడ్డతో గౌను కుట్టించుకుని వేసుకుంది. బల్లకు అవతలి కుర్చీలో ఐవర్ కూర్చున్నాడు. ఆమె కోరుకున్నది అక్షరాలా అదే.

"పులుసు ఎలా ఉంది?"

"బాగుంది."

"ఇంకొంచెం?"

"చాలు, చాలు."

మొదటివారం ఆయన గడియారం బాగుచేశాడు. రెండోవారం తలుపు గడియ. మూడోవారానికి ఇంట్లో పాడైనవి అయిపోయాయి. నాలుగోవారం ఒక మధ్యాహ్నం నెస్టా పెన్ను కాగితం లేకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఐవర్‌కి అర్థమైంది. ఆయన లేచి నిలబడ్డాడు. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుని, వెన్న గిన్నె వైపు చూస్తూ "అధ్యక్షా" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. కాసేపు నిలబడి, కూర్చున్నాడు.

"ఫరవాలేదులే," అంది నెస్టా. "సభ లేదు కదా."

"ఈసారి ఓడిపోయేట్టున్నాను," అన్నాడు ఆయన. "రైలు పోయిందని జనానికి ఇంకా కోపం. ఓడిపోతే ఇక్కడే ఉంటాను. ఎప్పటికీ. నువ్వు... నీకు..."

"టీ చల్లారిపోతోంది," అంది నెస్టా.

పోలింగు బడిలో పెట్టారు. పోస్టు గ్వెన్ గుమ్మం దగ్గర వరస సర్దుతోంది. "ఈయమ్మకి ఆలోచించే పనేముంది, కళ్ళు మూసుకుని వేసి రావడమే," అని నవ్వింది. నెస్టా చెక్క అడ్డం వెనక్కి వెళ్ళి, తాడుకు కట్టిన పెన్సిల్ పట్టుకుంది. కాగితం మీద మూడు పేర్లున్నాయి. మిగతా రెండు పేర్లలో దేని పక్కన గుర్తు పెట్టినా ఐవర్ ఇంట్లో ఉంటాడు. ఆ కుర్చీ నిండుగా ఉంటుంది. ఆయన చేతులు కనిపిస్తాయి, దగ్గు వినిపిస్తుంది, చెప్పులు గుమ్మంలో ఉంటాయి. ఆమె అక్కడ ఎంతసేపు నిలబడిందంటే, బయటనుంచి పాల జోన్స్ "పెన్సిల్ విరిగిందా ఏం?" అని అడిగాడు.

"లేదు," అంది నెస్టా. భర్త పేరు పక్కన గుర్తు పెట్టి, కాగితం నాలుగు మడతలు పెట్టి, పెట్టెలో వేసింది.

ఐవర్ పంతొమ్మిది ఓట్ల తేడాతో నెగ్గాడు. సోమవారం ఆమె పెట్టె సర్దింది. మేజోళ్ళు ఆరు జతలు, చొక్కాలు నాలుగు. బస్సు దగ్గర ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, ఏదో చెప్పబోయి, "వస్తాను" అన్నాడు.

మంగళవారం కొత్త సభ మొదలైంది. నాలుగూ పదికి జగ్గు మాట్లాడింది.

"నెస్టా, బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. గది వెచ్చగానే ఉంది. నువ్వు ఎవరికి వేశావో నాకు తెలుసు. పోలింగు రోజు పొద్దున్నే వెళ్ళి నేను కూడా నాకే వేసుకున్నాను."

ఆమె కొంగలా మెడ సాచి, ఇంకేమైనా అంటుందేమోనని జగ్గు మీదికి వంగింది. ఆయన ఊపిరి వినిపించింది. తర్వాత మేజోళ్ళ గురించి మొదలుపెట్టాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, వింటూనే కాగితం దగ్గరికి లాక్కుని, తిరిగి ఎన్నికైన సభ్యులు చెప్పే ఆనవాయితీ మాటతో ఆ రోజు ప్రసంగం మొదలుపెట్టింది: "నన్ను మళ్ళీ ఇక్కడికి పంపించిన నా వాళ్ళకు నేనెంతో రుణపడి ఉన్నాను."

ఆ వాక్యం మూడో రోజున అచ్చయింది. దేశంలో ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు.